నాలుగింటికి లేస్తే ఒత్తిడి పోతుందా? ఎనిమిది సూత్రాలకు జవాబు

‘ఒత్తిడి లేని జీవితానికి ఎనిమిది సూత్రాలు’ అనే వాట్సాప్ సందేశం ఈమధ్య నెల్లూరులో తిరగని గ్రూపు లేదు. అపార్ట్‌మెంటు గ్రూపులో వచ్చింది, పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది, ఆఖరికి రొయ్యల రేట్లు పెట్టుకునే గ్రూపులో కూడా వచ్చింది. దాని సారం ఇంతే: తెల్లవారుజామున నాలుగింటికి లే, రోజుకు 24 గంటలు అందరికీ సమానమే కాబట్టి టైం లేదనకు, పనుల్ని నాలుగు గళ్లలో వేసుకో, అవధానిలా అన్ని పనులూ ఒకేసారి చెయ్యి, 21 రోజులు పట్టుబడితే ఏదైనా అలవాటైపోతుంది, రాత్రిపూట రేపటి పనుల్ని తలుచుకోకు, ఒత్తిడి నీ ఆలోచనలోనే ఉంది, నీ బాధ ఎవరికీ చెప్పుకోకు, చులకనైపోతావు.

‘మంచి మాటలేగా, పోయేదేముంది’ అంటారు పంపినవాళ్లు. పోయేది ఉంది. ఇది చదివిన మనిషికి తన మీద పడ్డ పని ఎక్కువేమో అన్న అనుమానం రాదు, తనకే క్రమశిక్షణ తక్కువ అనిపిస్తుంది. ఈ పనుల్లో నేనే చేయాల్సినవి ఎన్ని, మానేయగలిగినవి ఏవి, ఇంకొకళ్లు పట్టుకోవాల్సినవి ఏవి అనే ప్రశ్న ఆ ఎనిమిదింటిలో ఒక్కచోట కూడా లేదు. అందుకని వరసగా చూద్దాం.

‘నాలుగింటికి లేవండి. బ్రాహ్మీ ముహూర్తంలో లేచినవాడికి ఒత్తిడి ఉండదు.’

ముందు లెక్క చూద్దాం. బ్రాహ్మీ ముహూర్తం సూర్యోదయానికి గంటా 36 నిమిషాల ముందు మొదలవుతుంది. నెల్లూరులో మే నెలాఖరులో పొద్దు పొడిచేది 5:40 ప్రాంతంలో, సంక్రాంతి రోజుల్లో 6:40 ప్రాంతంలో. అంటే ఆ ముహూర్తం ఎండాకాలంలో నాలుగు దాటాక, సంక్రాంతికైతే ఐదు దాటాకే వస్తుంది. సంక్రాంతి రోజుల్లో శాస్త్రం లేవమన్నదానికంటే ఈ సందేశం గంట ముందు లేపుతోంది, అదీ చలిలో.

ఇక నిద్ర సంగతి. పెద్దవాళ్లకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలని అమెరికాలోని నిద్ర వైద్య సంఘం, నిద్ర పరిశోధన సంఘం కలిసి 2015లో చెప్పాయి. నాలుగింటికి లేవాలంటే తొమ్మిదికల్లా కన్ను మూతపడాలి. ట్రంకు రోడ్డులో బట్టల షాపుల్లో పనిచేసేవాళ్లు షట్టరు దించేదే ఆ వేళకి. ఆ తర్వాత ఇంటికి చేరి, తిని, గిన్నెలు కడిగి, పిల్లాడి హోంవర్కు చూసి పడుకునేసరికి పదకొండు. అక్కణ్ణుంచి నాలుగింటికి అలారం పెడితే ఐదు గంటల నిద్ర మిగిలింది. 17 గంటలు ఏకబిగిన మెలకువగా ఉన్న మనిషి చురుకు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన మోటారు వాహనాల చట్టంలో బండి నడపడానికి హద్దు 0.03. నాలుగింటికి లేచిన మనిషికి 17 గంటలు నిండేది రాత్రి తొమ్మిదికి, సరిగ్గా షాపు మూసి స్కూటీ తీసే టైముకి.

నాలుగింటికి లేవడమే మందైతే మా ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల రైతులంత ప్రశాంతమైన మనుషులు రాష్ట్రంలో ఇంకెక్కడా ఉండకూడదు. పగలు ఎండకి గుంటలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి ఆ తయారీ ఆగిపోయి వాడకమే మిగులుతుంది. అందుకే నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే పడిపోయేది తెల్లారేముందే. ఆ వేళకి కరెంటు పోయి, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగితే, జనరేటరు స్టార్టు కావడంలో ఆలస్యమైతే, రొయ్యలు పైకి తేలి గట్టు వెంబడి చేరతాయి. టార్చి వేసి చూస్తే నీటి అంచునే బారులు బారులు. మూడు నాలుగు నెలల పెట్టుబడి గంటల్లో పోవచ్చు. ఈ సందేశం ఒక రైతుకు చూపిస్తే, ‘నాలుగింటికి లేస్తే టెన్షన్ పోద్దా? టెన్షన్‌తోనే గదబ్బా నేను నాలుగింటికి లేచేది’ అన్నాడు.

పెందలాడే పడుకునే వీలుండి, పెందలాడే మెలకువ వచ్చే ఒళ్లున్నవాళ్లు హాయిగా లేవొచ్చు. అందరి ఒంటి గడియారం ఒకటి కాదు. వయసుతో మారుతుంది, పుట్టుకతోనూ కొంత వస్తుంది. పదహారేళ్ల పిల్లాణ్ణి నాలుగింటికి లేపి చదివించే తల్లిదండ్రులు ఈ ముక్క రెండుసార్లు చదవాలి.

‘రోజుకు 24 గంటలు. ప్రధానమంత్రికైనా కూలివాడికైనా ఒకటే.’

గడియారంలో ఒకటే. కేంద్ర గణాంక శాఖ 2024 టైం యూజ్ సర్వే చూడండి. ఆరేళ్లు పైబడి ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు జీతం లేని ఆ పనికి రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. మూడు గంటల 21 నిమిషాల తేడా. పిల్లల్నీ ముసలివాళ్లనీ చూసుకునే టైము ఇందులో లేదు, దాని లెక్క వేరే.

కోవూరులో మా వదిన సంగతి చెబుతాను. నెల్లూరులో ఒక షాపులో లెక్కలు రాస్తుంది. కుళాయి వచ్చేది ఐదున్నరకి, అదీ అరగంటే. బిందెలు నిండేలోపు ఇడ్లీపిండి, అది ఉడికేలోపు ఇద్దరు పిల్లల క్యారేజీలు. మామగారికి టిఫినుకు ముందు ఇన్సులిన్ పొడవాలి. 7:40కి స్కూలు వ్యాను. ఆ తర్వాత పెన్నా బ్రిడ్జి మీద ట్రాఫిక్కు. సందేశం చదివి ఆమె కూడా అలారం నాలుగింటికి మార్చింది. మధ్యాహ్నం లెడ్జరు ముందు కునుకు పట్టడం తప్ప ఒరిగింది లేదు.

ఆమెకు పనికొచ్చింది వేరు. ఒక ఆదివారం కూర్చుని ఇంట్లో జరిగే పనులన్నీ కాగితం మీద రాసి, ఒక్కోదాని ఎదురుగా చేసే మనిషి పేరు రాసింది. కాగితం నిండా తన పేరే. మా అన్న అది చూసి ‘ఇన్నుండాయా?’ అన్నాడు. వెటకారం కాదు, నిజంగా తెలీదు మనిషికి. ఇన్సులిన్ పొడవడం నర్సు దగ్గర నేర్చుకున్నాడు, అదిప్పుడు ఆయన పని. పిల్లల్ని వ్యాను ఎక్కించడమూ ఆయనదే. యూనిఫాంలు ఇస్త్రీ బండికి పోతున్నాయి. సాయంత్రం పలహారాలు ఇంట్లోనే చేయాలన్న పట్టుదల వదిలేశారు. పని సగం సగమైందని నేను చెప్పను, అంత మంచివాడేం కాదు మా అన్న. కానీ వదినకు పొద్దున ముప్పావుగంట దొరికింది, ఆమె దాన్ని నిద్రకే వాడుకుంటోంది. శభాష్ అన్నాను.

‘ఐజెన్‌హోవర్ నాలుగు గళ్లతో ప్రపంచ యుద్ధం గెలిచాడు. మీరూ పనుల్ని నాలుగు గళ్లలో వేయండి.’

గళ్లు ఆయన గీసినవి కావు. యుద్ధంలో జనరలుగా పనిచేసిన ఆయన, తర్వాత అమెరికా అధ్యక్షుడిగా 1954లో ఇవాన్‌స్టన్‌లో మాట్లాడుతూ, సమస్యలు రెండు రకాలు, తొందరవి, ముఖ్యమైనవి అన్నాడు. అదీ ఒక మాజీ కాలేజీ అధ్యక్షుడి మాటగా చెప్పాడు. యుద్ధం అప్పటికి ముగిసి తొమ్మిదేళ్లు. తొందరదా కాదా, ముఖ్యమా కాదా అని పనుల్ని విడదీసే నాలుగు గళ్ల బొమ్మ తర్వాతి మేనేజ్‌మెంటు పుస్తకాల పుణ్యం.

బొమ్మ ఎవరిదైతేనేం, పనికొస్తే చాలు. చిక్కల్లా మూడో గడిలో ఉంది: తొందరదే కానీ ముఖ్యం కానిదాన్ని ఇంకొకరికి అప్పగించమంటుంది. జనరలుకు కింద సైన్యం ఉంది. మా వదినకు కాగితం రాయకముందు ఆ గడి ఖాళీ.

అంతకంటే తేలికైన పద్ధతి టంగుటూరు, కొండపి వైపు పొగాకు రైతుల్లో ఉంది. వర్జీనియా పొగాకులో కింది ఆకు ముందు పండుతుంది. పండిన ఆకు కోయాలి, పై ఆకు ఆగుతుంది. మొక్కంతా ఒకేరోజు కోసేయాలని ఎవరూ కూర్చోరు. కోసిన ఆకు, దాన్ని వేడితో ఆరబెట్టే కొట్టం, అంటే బ్యారన్‌లోకి ఎక్కాక వేడిని కొంచెం కొంచెంగా పెంచుతూ పోవాలి, పక్కన మనిషి ఉండి తీరాలి. ఆ రోజుల్లో పెళ్లి పిలుపొస్తే ఇంటావిడో కొడుకో వెళ్లొస్తారు, ఎవరూ తప్పుపట్టరు. వాళ్లు చూసేది ఒక్కటే, ఆగితే చెడిపోయేది ఏది అని. కరెంటు బిల్లు గడువు దాటితే ఫైను పడుతుంది, బీపీ మాత్రలు అయిపోతే ఒంటికి దెబ్బ. బీరువా సర్దడం వచ్చే నెలకైనా బీరువా సర్దడమే. ఎదుటివాళ్లు మన జవాబు కోసం ఆగి ఉన్న పనులు కూడా ఆగితే చెడిపోయే రకంలోకే వస్తాయి. రెండు నిమిషాల ఫోనుతో వాళ్ల పని నడుస్తుంది.

‘అవధాని ఎనిమిది పనులు ఒకేసారి చేస్తాడు. మీరెందుకు చేయలేరు?’

రాసినవాడు అవధానం చూసి ఉండడు. అష్టావధానంలో ప్రశ్నలు వేసే పృచ్ఛకులు ఎనిమిది మందీ ఒకేసారి మీద పడరు. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన అంటూ వంతులవారీగా నడుస్తుంది. పద్యం అడిగిన ఈ నలుగురికీ అవధాని ఒక ఆవృత్తిలో ఒక్కో పాదం చెబుతూ పోతాడు. పాదం చెబుతున్నప్పుడు ఆయన మనసు ఆ పాదం మీదే ఉంటుంది. మిగతావి గుర్తుపెట్టుకుంటాడు, చివర ధారణలో అప్పజెబుతాడు. దానివెనక ఏళ్ల సాధన ఉంది. అంతటి మనిషి ఏకాగ్రతను చెడగొట్టడానికే అప్రస్తుత ప్రసంగం అని ఒక పృచ్ఛకుణ్ణి ప్రత్యేకంగా కూర్చోబెడతారు. మనం ఆ పృచ్ఛకుణ్ణి సెల్‌ఫోను పేరుతో జేబులో పెట్టుకుని తిరుగుతూ, పద్యం ఎందుకు పూర్తికావట్లేదా అని తల పట్టుకుంటున్నాం.

పని మధ్యలో ఇంకో పనికి మారిన ప్రతిసారీ మెదడుకు కొంత టైము దండగ అవుతుందని 2001 నాటి అమెరికా ప్రయోగాలు కొలిచి చెప్పాయి. పని ఎంత చిక్కుదైతే ఆ దండగ అంత ఎక్కువ. పప్పు ఉడుకుతుండగా బట్టలు మడతపెట్టుకోవచ్చు. జీఎస్టీ లెక్క వేస్తూ ఫోన్‌లో వియ్యంకుడికి సర్దిచెప్పడం మాత్రం కుదరదు, రెండూ చెడతాయి.

‘21 రోజులు చేస్తే అలవాటైపోతుంది.’

దీని మూలం ఒక ప్లాస్టిక్ సర్జన్. ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి మనిషి అలవాటుపడటానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు. ‘కనీసం’ ఎగిరిపోయి, 21 మిగిలింది. లండన్ యూనివర్సిటీ కాలేజీవాళ్లు 96 మందిని గమనించి 2009లో చెప్పిన లెక్క: మధ్యస్థంగా 66 రోజులు, మనిషినిబట్టి, పనినిబట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒకరోజు తప్పినా కొంప మునగదని కూడా వాళ్లే తేల్చారు. 22వ రోజున ‘నా వల్ల కాదు’ అని మానేసినవాళ్లు మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు.

‘పడుకునేముందు రేపటి పనులు తలుచుకోవద్దు.’

తలుచుకోవద్దంటే ఆగుతాయా? రాసేయండి. 2018లో అమెరికాలో 57 మంది మీద చేసిన ప్రయోగంలో, పడుకునేముందు ఐదు నిమిషాలు రేపటి పనులు కాగితం మీద రాసినవాళ్లకు, అయిపోయిన పనులు రాసినవాళ్లకంటే సుమారు తొమ్మిది నిమిషాలు ముందే నిద్ర పట్టింది. వివరంగా రాసినకొద్దీ త్వరగా పట్టింది. చిన్న ప్రయోగమే, కానీ ఖర్చు లేని పని.

‘ఒత్తిడి బయట లేదు, మీ ఆలోచనలోనే ఉంది.’

ఇందులో పావు వంతు నిజముంది. ఒకే సంగతిని ఇద్దరు రెండు రకాలుగా తీసుకుంటారు. నడక, శ్వాస మీద ధ్యాస పనిచేస్తాయి, కాదనను. మిగతా ముప్పావు వంతుతోనే పేచీ.

బ్రిటన్‌లో 1967లో మొదలుపెట్టి వేలమంది ప్రభుత్వోద్యోగుల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించారు. ఒత్తిడి పెద్ద ఆఫీసర్లకే ఎక్కువని అప్పటిదాకా అందరి నమ్మకం. గుండెజబ్బుతో ఎక్కువమంది పోయింది కింది గ్రేడులవాళ్లు. సిగరెట్లు, బీపీ లాంటివన్నీ తీసేసి చూసినా తేడా పూర్తిగా పోలేదు. తర్వాత 1985లో మొదలైన రెండో విడతలో తేలిన ఒక ముఖ్య కారణం, తమ పని మీద తమకు పెత్తనం లేకపోవడం. ఏది ఎప్పుడు ఎలా చేయాలో ఇంకొకడు చెబుతుంటే, గడువు మాత్రం మన నెత్తిన ఉంటే, ఆ బరువు ఆలోచన మార్చుకున్నంత మాత్రాన దిగదు.

మనకు ఇంకా దగ్గరిది తమిళనాడు లెక్క. అక్కడ 464 మంది చెరకు రైతులకు పంట డబ్బు చేతికి రాకముందు, వచ్చాక తెలివికి సంబంధించిన పరీక్షలు పెట్టారు. వాళ్లే రైతులు, అవే రకం పరీక్షలు. డబ్బు రాకముందు మార్కులు తక్కువ. 2013లో అచ్చయిన ఈ పరిశోధన చెప్పేదేమంటే, చేతిలో డబ్బాడనప్పుడు ఆ దిగులే బుర్రలో చోటంతా ఆక్రమిస్తుంది. ధాన్యం తోలి డబ్బు కోసం ఎదురుచూస్తున్న రైతుకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. అతనికి కావలసింది పాజిటివ్ థింకింగ్ కాదు, డబ్బు పడే తారీఖు.

షాపులోనో ఆఫీసులోనో యజమానికి ‘చేయను’ అని చెప్పలేని మనిషికి కూడా ఒక దారి ఉంది. మూడో పని మీద పడేసినప్పుడు, ‘సార్, ఇదీ అర్జెంటే, పొద్దున చెప్పిందీ అర్జెంటే. సాయంత్రానికి ఒకటే అవుతుంది, ఏది కానీయమంటారు?’ అని అడగడం. ఎంపిక ఆయన నోటితోనే చేయించాలి. రెండోదానికి ఎందుకు ఆలస్యమైందని తర్వాత ఆయనే అరవకుండా ఉంటాడనే భరోసా లేదు గానీ, చాలామంది అరవరు.

‘మీ బాధ ఎవరికీ చెప్పుకోకండి.’

అన్నిటికంటే చెడ్డది ఇదే. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, ఎందుకీ బతుకు అనిపిస్తున్నా చెప్పుకోవాలి. 14416కి ఫోన్ చేయొచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ అది. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మనిషికి చూపించుకోవాలంటే నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఉంది. రొయ్యలు పోయి అప్పులో ఉన్నవాడికి కూడా ఈ ఎనిమిదో సూత్రం చేరుతోంది. ఆ గ్రూపులో పెట్టేవాళ్లు మిగతా ఏడూ ఉంచుకున్నా సరే, దీన్ని చెరిపేసి ఆ చోట 14416 రాసి పంపండి.