గుండీ ఆయన్నే పెట్టుకోనివ్వండి

పక్షవాతంతో కుడిచెయ్యి పట్టు తప్పిన మనిషి చొక్కా గుండీ కోసం ఐదు నిమిషాలు తంటాలు పడుతుంటే చూస్తూ కూర్చోవడం కష్టమే. భార్యో కొడుకో లేచి ‘ఉండు, నేను పెడతా’ అంటారు. ప్రేమే, సందేహం లేదు. కానీ ఆ పూటకు ఆయన చేసే అసలు వ్యాయామం ఆ ఐదు నిమిషాలే. దెబ్బతిన్న చేతికి పని చెప్పడం మానేస్తే అందులో మిగిలిన కాస్త కదలికా వాడుకలోంచి పోతుంది.

చేసిపెట్టడం ఒక తప్పయితే, కాపలా కాయడం ఇంకొకటి. ‘వ్యాయామం చేశావా? ఎన్నిసార్లు?’ అని పొద్దస్తమానం అడిగితే చేయకపోయినా చేశాననే చెబుతారు. దానికంటే పక్కన కుర్చీ వేసుకుని తానూ మోకాలు చాచి ముడిచే మనవరాలు నయం. పళ్లు తోముకున్నాక కొన్ని, టీవీ వార్తలప్పుడు కొన్ని అని రోజువారీ పనులకు ముడిపెడితే అడిగే పనే తగ్గుతుంది.

అయితే ఇంటివాళ్లుంటే చాలు, ఫిజియోథెరపిస్టు అక్కర్లేదంటే మేం ఒప్పుకోం. భారత్‌లో 14 ఆసుపత్రుల్లో 1,250 మంది పక్షవాత రోగులతో జరిగిన ‘అటెండ్’ పరిశోధన 2017లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. అందులో సగంమంది ఇళ్లవాళ్లకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, వ్యాయామాలు చేయించమన్నారు. ఆరు నెలల తర్వాత చూస్తే, చనిపోయినవారు, ఇంకా ఇతరుల మీద ఆధారపడినవారు కలిపి ఆ వర్గంలో 47 శాతం. మామూలు వైద్యం అందినవారిలోనూ అంతే. కుటుంబాలు సరిగ్గా చేయలేదని దీన్ని చదవడం అన్యాయం. ఏళ్లు చదివి నేర్చుకునే పనిని నాలుగు మాటల్లో అప్పగించేస్తే ఇంతకంటే ఏం వస్తుంది?

డిశ్చార్జి రోజు చేతికొచ్చేది బిల్లు, మందుల చీటీ, గీతల బొమ్మలున్న ఓ కాగితం. ‘రోజుకు మూడుసార్లు, పదేసి’ అని ఉంటుంది. చచ్చుబడిన చేతిని పట్టి లాగి మంచం మీంచి లేపితే భుజం కీలు దెబ్బతినొచ్చన్న సంగతి అందులో ఉండదు. వ్యాయామం చేశాక కాసేపు లాగినట్టుండి తగ్గిపోతే ఫర్వాలేదు, నొప్పి మర్నాటికీ ఉంటే తగ్గించి అడగండి, పొడిచినట్టు వస్తే వెంటనే ఆపండి అని చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. కాగితం ఇచ్చేముందు ఇంటి మనిషి చేత ఒక్కసారైనా అక్కడే చేయించి చూడాలి. కొన్ని వారాలకోసారి పిలిచి వ్యాయామాలు మార్చాలి. మొదటి నెలలో ఇచ్చినవి నాలుగో నెలకు సరిపోవు.

ఓపిక సన్నగిల్లేదీ దాదాపు అప్పుడే. మొదట్లో వారం వారం కనిపించిన మార్పు నెమ్మదిస్తుంది. ‘ఇంక ఇంతేనేమో’ అని ఎవరో అనేస్తారు, చాలాసార్లు చుట్టపుచూపుగా వచ్చినవాళ్లే. తొలి వారాల్లో ఫోన్లో తీసిన నడక వీడియో ఉంటే అలాంటప్పుడు పనికొస్తుంది.

ఇంత చేసేది చాలా ఇళ్లలో ఒక్క మనిషే, ఎక్కువగా ఆడమనిషే. ఆమె నడుంనొప్పి ఏ చీటీలోనూ ఎక్కదు. ‘నాన్న ఎక్సర్‌సైజ్ చేశాడా?’ అని ఊరి నుంచి ఫోన్ చేసి అడిగే కొడుకు, ఆదివారం వచ్చి తానే చేయించి ఆమెను ఆ పూట పడుకోనివ్వాలి.