తెలుగువాళ్ళ చెస్ సగటు 1835, అందులో నా వాటా

అర్జున్ ఎరిగైసి మనోడే, వరంగల్ కుర్రాడు. 2024లో 2800 రేటింగ్ దాటాడు, ఆనంద్ తర్వాత ఆ గీత దాటిన రెండో ఇండియన్. నాది 870. రెండూ కలిపి సగం చేస్తే 1835 వస్తుంది, ఎలా చూసినా పరువైన నంబరే, అందుకే తెలుగువాళ్ళ చెస్ ఏ లెవెల్లో ఉందని ఎవరైనా అడిగితే నేను ఇదే చెప్తాను. ఆయనది ఫిడే (అంటే ప్రపంచ చెస్ సమాఖ్య) రేటింగు, నీది ఫోన్ రేటింగు, రెండూ ఎలా కలుపుతావన్నాడు మా తమ్ముడు. వాడు సీఏ చదువుతున్నాడు లెండి, ఎక్కడ చూసినా తప్పులే కనబడతాయి.

అసలీ రేటింగ్ లెక్క అర్పాడ్ ఈలో అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ పెట్టింది, 1970లో ఫిడే తీసుకుంది. ఫిజిక్స్ వాళ్ళ చేతిలో పెట్టాక వస్తువు కింద పడటం సహజమే కదా. లీచెస్ అనే చెస్ సైట్‌లో అయితే చేరిన రోజే 1500 చేతిలో పెడతారు, పైసా కట్టక్కర్లేదు, యాడ్స్ కూడా ఉండవు, 2010లో ఒక ఫ్రెంచ్ ప్రోగ్రామర్ మొదలెట్టాడు, విరాళాల మీద నడుస్తోంది. అలా ఊరికే వచ్చిన 1500లోంచి 630 పాయింట్లు నేను మళ్ళీ సమాజానికే పంచేశాను, బ్రెజిల్ వాళ్ళకి కొన్ని, పోలండ్ వాళ్ళకి కొన్ని, ఇండోనేషియాలో ఎవరో చిన్నపిల్లాడికి ఒకే రాత్రి ముప్పై దాకా. ఇంకొకడు చేస్తే దానం అనేవారు.

మొన్న ఒకరాత్రి మా వైజాగ్ మద్దిలపాలెంలో కరెంటు పోయింది, బాల్కనీలో లుంగీ మీద కూర్చుని మూడు నిమిషాల బ్లిట్జ్ పెట్టా. (2024 డిసెంబర్లో న్యూయార్క్‌లో ఒక టోర్నీకి జీన్స్ వేసుకొచ్చాడని మాజీ ప్రపంచ చాంపియన్ కార్ల్‌సెన్‌కి 200 డాలర్లు ఫైన్ వేశారు, లుంగీకి ఎంతో తెలిస్తే ముందే కట్టేద్దును.) నాకు మంత్రి ఉంది, ఏనుగు ఉంది, అవతలోడికి ఒక్క రాజు తప్ప ఏమీ లేదు, ఆ రాజు కూడా హెచ్8 మూలకి పోయి నక్కాడు, నాకింకా పదకొండు సెకన్లున్నాయి, కోడిని గంప కింద మూసినట్టు మూసేద్దామని మంత్రిని తీసుకెళ్ళి జీ6లో పెట్టా. చక్కగా మూసుకుంది. ఎంత చక్కగా అంటే రాజుకి షా లేదు, కదలడానికి గడీ లేదు. స్టేల్‌మేట్, అంటే డ్రా. సాయంత్రం ఏడింటికి జగదాంబ జంక్షన్లో ఆటోవాడి పరిస్థితీ ఇదే, ఎవడూ కొట్టడు, ఎటూ కదలడు, కానీ పాపం అతనికి అర పాయింటు ఇచ్చేవాడు లేడు.

ఆట రాకపోతే ఏం, చెస్ లోకం మొత్తం నాదే. హంపి మన గుడివాడ, 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్, హారిక, హరికృష్ణ గుంటూరు, ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్తా. 2024 డిసెంబర్ 12 సాయంత్రం మా రుషికొండ ఆఫీసు క్యాంటీన్లో ఒక ఫోన్ మీద నలుగురం వాలిపోయాం, సింగపూర్లో ప్రపంచ చాంపియన్‌షిప్, గుకేష్, డింగ్ లిరెన్‌ల ఆఖరి గేమ్, డ్రా అయిపోతుందిలే అని టీ చెప్పేలోపు డింగ్ 55వ ఎత్తులో ఏనుగుని ఎఫ్2కి తెచ్చాడు. ఎవరిది పైచేయో కంప్యూటర్ లెక్కగట్టి చూపించే పక్కనున్న ఇంజిన్ బార్ ఒక్కసారిగా నల్లబడిపోయింది, అంటే నల్లపావుల గుకేష్ వైపు. "ఏటి గురూ, అక్కడ పెడతాడా ఎవడైనా!" అన్నాం నలుగురం ఒక్క గొంతుతో. ఆ బార్‌ని చేత్తో మూసేసి ఇప్పుడు చెప్పండ్రా అంటే మాలో ఒక్కడూ చెప్పలేడు, అది వేరే విషయం. ఏనుగులు మార్చుకుంటే తర్వాత శకట్లు కూడా పోతాయి, మిగిలిన బంట్ల ఆట గుకేష్‌దేనని రాత్రి అన్నం తింటూ ఇంట్లో వివరించా. మా అమ్మ ముద్ద ఆపి "ఇవన్నీ నీకెలా తెలుసురా" అంది, మా తమ్ముడు ఏదో అనబోతే పప్పు గిన్నె వాడివైపు జరిపా.

ఇక దొంగాట సంగతి. నన్ను ఓడించినవాళ్ళంతా ఇంజిన్ పెట్టుకుని ఆడినవాళ్ళే, నా చేతిలో ఓడినవాళ్ళు మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజాయితీపరులు, ఇది రెండేళ్ళుగా నేను గమనించి తేల్చుకున్న విషయం. 2022లో కార్ల్‌సెన్ సెయింట్ లూయిస్‌లో ఒక గేమ్ ఓడి, అవతలోడిది దొంగాటన్న అనుమానంతో మొత్తం టోర్నీ నుంచే తప్పుకుంటే ప్రపంచమంతా వారాలకొద్దీ చర్చించింది. నేను రోజుకి నాలుగుసార్లు ఓడి యాప్ తీసేస్తున్నా, మళ్ళీ వేసుకుంటున్నా, అడిగే నాథుడు లేడు.

ఇంత అనుభవం పెట్టుకుని పోయిన ఆదివారం శివాజీ పార్కులో షిప్‌యార్డ్ రిటైర్డ్ అంకుల్ ఒకాయనతో కూర్చున్నా. ఆయనది పాత పద్ధతి. బంటు ఎప్పుడైనా ఒక్క గడే, రాజు షా తగలనంతవరకూ ఒకసారి గుర్రంలా దూకొచ్చు. గడియారం లేదు, ఎత్తుకీ ఎత్తుకీ మధ్య మూడు పల్లీలు. సర్లే అని పాత రూలుకే ఒప్పుకున్నా, కానీ చెయ్యి అలవాటుకొద్దీ నా బంటుని రెండు గళ్ళు తోసింది.

"ఏటి బాబూ, అదేం బంటా, ఎక్స్‌ప్రెస్ బస్సా?"

"ఇప్పుడందరూ ఇలాగే ఆడతారు అంకుల్, కావాలంటే మీరు ఎన్ పాసాంట్ కొట్టుకోవచ్చు, మీ బంటు నాది దాటొచ్చిన గడిలోకి ఏటవాలుగా వస్తుంది, నాది పోతుంది."

"నేను దాని మీద కాలే పెట్టలేదు, ఎలా చచ్చింది?"

దీనికి నా దగ్గర సమాధానం లేదు, ఇంటర్నెట్లో ఎవరి దగ్గరా ఉన్నట్టు కూడా లేదు. బంటు వెనక్కి తీసుకున్నా. ఇరవై ఎత్తుల్లో ఆటకట్టు. నాది ఆన్‌లైన్లో 870 అని, ఈ రూల్స్ అలవాటు లేక ఇలా అయిందని చెప్పుకున్నా. ఆయన పావులన్నీ గుడ్డసంచిలో పోసి మూతి ముడేస్తూ, "రేపు ఆరింటికి రా, అదేదో రేటింగ్ అన్నావు, అది కూడా తెచ్చుకో" అన్నాడు.