ఫ్లాష్ కొన్నా పూల్ లెక్క తప్పదు

విశాఖ ఐటీ వాట్సాప్ గ్రూపుల్లో అరేల (సర్వర్ల డేటా దాచే స్టోరేజ్ పెట్టెల) గురించి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "ఆల్ ఫ్లాష్ కొన్నాక పూల్ గురించి బుర్ర బద్దలు కొట్టుకోవద్దు. డ్రైవులన్నీ ఒకే పూల్‌లో వేసి రెయిడ్ 5 పెట్టండి. డీడూప్ 5:1 వస్తుంది, ఆ లెక్కన వాల్యూమ్‌లు ఇచ్చేయండి. 95 శాతం దాకా నింపొచ్చు. స్నాప్‌షాట్ ఉంటే బ్యాకప్ దండగ." ఆల్ ఫ్లాష్ అంటే డ్రైవులన్నీ ఎస్‌ఎస్‌డీలే ఉన్న అరే. పూల్ అంటే ఆ డ్రైవుల జాగా అంతా కలిపిన ఉమ్మడి నిల్వ, అందులోంచి సర్వర్లకు ఇచ్చే వాటా వాల్యూమ్. డీడూప్ అంటే ఒకేలా ఉన్న డేటాను ఒక్కసారే దాచడం, 5:1 అంటే ఐదో వంతు జాగాలో సరిపెట్టడం. స్నాప్‌షాట్ అంటే ఒక క్షణంలో డేటా ఎలా ఉందో నిలిపి ఉంచడం. రుషికొండ మీద కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు దీన్ని నమ్మి అమలు చేస్తారేమోనని నా భయం.

ఒకే పూల్ అన్నంతవరకు పేచీ లేదు. ముక్కలు చేస్తే ఖాళీ జాగా కూడా ముక్కలవుతుంది.

రెయిడ్ 5 దగ్గరే ప్రమాదం. రెయిడ్ అంటే డ్రైవ్ పోయినా డేటా పోకుండా కొన్ని డ్రైవులను ఒక గ్రూపుగా కట్టడం; గ్రూపులో ఒక డ్రైవ్ పోతే రెయిడ్ 5 తట్టుకుంటుంది, రెండు పోయినా రెయిడ్ 6 తట్టుకుంటుంది. వాల్యూమ్ డేటా పూల్‌లోని రెయిడ్ గ్రూపులన్నిటి మీదా పరుచుకుని ఉంటుంది కాబట్టి ఒక్క గ్రూపు పోతే పూల్ మొత్తం పోయినట్టే. 15.36 టీబీ డ్రైవ్ పోయి, ఒకే స్పేర్ (అదనంగా ఉంచిన) డ్రైవ్ మీదికి సెకనుకు 500 ఎంబీ చొప్పున రాసుకుంటూ పోతే రీబిల్డ్‌కు (పోయిన డేటాను తిరిగి కట్టడానికి) ఎనిమిదిన్నర గంటలు. ఆలోగా అదే గ్రూపులో ఇంకోటి పోతే రెయిడ్ 5 చేతులెత్తేస్తుంది, రెయిడ్ 6 కాపాడుతుంది.

అసలు గొడవ 5:1తో. ఉన్నది 100 టీబీ, సర్వర్లకు చూపించింది 500 అనుకోండి. డేటా 2:1 మాత్రమే తగ్గితే 200 టీబీ రాసేసరికి పూల్ ఫుల్. అప్పుడు రైట్‌లు ఆగేది ఒక అప్లికేషన్‌కు కాదు, ఆ పూల్ మీదున్న అన్నిటికీ. ఒకే ఇమేజ్ నుంచి పుట్టిన వర్చువల్ డెస్క్‌టాప్‌లు బాగా తగ్గుతాయి. సీసీటీవీ వీడియో, ఎన్‌క్రిప్ట్ చేసిన డేటాబేస్ దాదాపు తగ్గవు. ఫైళ్లు డిలీట్ చేశాం కదా అంటారు. లినక్స్ సర్వర్‌లో 2 టీబీ చెరిపితే అక్కడ ఖాళీ కనిపిస్తుంది, అరేలో మాత్రం అంకె కదలదు. ఏ బ్లాకులు ఖాళీ అయ్యాయో అరేకు చెప్పే ఎఫ్‌ఎస్‌ట్రిమ్ లాంటిది నడిపితే గానీ ఆ జాగా పూల్‌కు తిరిగి రాదు. పాత స్నాప్‌షాట్ ఆ బ్లాకుల్ని పట్టుకుని ఉంటే అప్పటికీ రాదు.

95 శాతం మాట కూడా సరికాదు. ఫ్లాష్‌లో పాత డేటా మీద నేరుగా రాయలేం, ముందు బ్లాక్ మొత్తం చెరపాలి. ఖాళీ తగ్గేకొద్దీ ఈ సర్దుబాటు పెరిగి లేటెన్సీ (జవాబుకు పట్టే సమయం) పెరుగుతుంది. 70కి ఒక అలర్ట్, 80కి ఇంకోటి పెట్టుకోండి. కొత్త డ్రైవుల పీవో (కొనుగోలు ఆర్డర్) సంతకమై, డ్రైవులు ఊరు చేరేసరికి వారాలు గడుస్తాయి.

ఇక స్నాప్‌షాట్. అది అదే పూల్‌లోని బ్లాకుల్ని చూపించే గుర్తు మాత్రమే, పూల్ పోతే దాంతోపాటే పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊరు మనది. రెండో కాపీ ఇంకో అరేలో, వీలైతే తీరానికి దూరంగా ఇంకో ఊళ్లో ఉంచండి. ఈ నెలలోనే దాన్నుంచి ఒక్క వాల్యూమ్‌నైనా రిస్టోర్ చేసి చూడండి.