ఎర్త్ చూడకుండా సెన్సార్ మార్చేవాళ్లకి ఓ దండం

"సెన్సార్ పోయింది సార్, కొత్తదేస్తే సెట్ అయితది." మన హైదరాబాద్‌లో మిస్సింగ్ కొట్టే కారుకి ముందు వినపడే తీర్పు ఇదే. స్కానర్ పెడతారు, పీ0335 అనో పీ0336 అనో కోడ్ వస్తుంది, ఇంజిన్ తిరుగుడుని కనిపెట్టే క్రాంక్ సెన్సార్ మార్చేస్తారు. నాలుగు రోజులు బానే ఉంటుంది, ఎందుకంటే కనెక్టర్ ఊడదీసి మళ్లీ బిగించడంలో పిన్నుల మీది తుప్పు కాస్త రాలింది. ఐదో రోజు ఆర్పీఎం ముల్లు మళ్లీ గంతులేస్తుంది. ఈసారి స్పార్క్ పుట్టించే కాయిల్ మారుస్తారు. ఆ తర్వాత వంతు ఈసీఎంది, అంటే ఇంజిన్ కంప్యూటర్ది.

అసలు ఆ కోడ్ ఏమంటోందో చదివారా? పీ0336 అంటే సిగ్నల్ వస్తోంది, లెక్క కుదరట్లేదు అని. చాలా ఇంజిన్లలో క్రాంక్ చక్రానికి 60 పళ్ల చోటు ఉంటుంది, అందులో 2 పళ్లు కావాలనే తీసేస్తారు. ఆ ఖాళీని బట్టే పిస్టన్ ఎక్కడుందో ఈసీఎం పోల్చుకుంటుంది. మధ్యలో నాయిస్, అంటే వైర్లలోకి చొరబడే కరెంటు అలజడి, వల్ల ఒక దొంగ పల్స్ దూరితే అది ఇంకో పన్ను అనుకుంటుంది. లెక్క తప్పగానే స్పార్క్, పెట్రోలు రెండూ ఆపేస్తుంది, కారు ఒక్క కుదుపు కుదుపుతుంది. రెండు వైర్ల అయస్కాంతపు సెన్సార్లో ఈ గోల ఎక్కువ. దాని వోల్టేజి వేగాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి సెల్ఫ్ కొట్టేటప్పుడు సిగ్నల్ పీలగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే స్టార్టర్ మోటారు వంద ఆంపియర్లకు పైగా లాగుతూ ఉంటుంది. సెన్సార్ని అనే ముందు దాన్ని బయటికి తీసి కొన చూడండి. అయస్కాంతం కదా, ఇనప రజను గడ్డంలా పట్టి ఉంటే గుడ్డతో తుడిస్తే చాలు.

సెన్సార్ కంటే ముందు చూడాల్సింది ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగెళ్లే దారి. 150 ఆంపియర్లు పోయే దారిలో 2 మిల్లీఓమ్‌ల తుప్పు ఉందనుకోండి, 0.3 వోల్ట్ అక్కడే పడిపోతుంది. 2 మిల్లీఓమ్‌లు మామూలు మల్టీమీటర్ ఓమ్స్ రేంజిలో కనపడవు. "బీప్ వస్తోంది, ఎర్త్ బానే ఉంది" అనే మాట అందుకే దండగ. కరెంటు పారుతుండగా కొలవాలి. ఫ్యూయల్ పంప్ ఫ్యూజు పీకండి, గేర్ న్యూట్రల్‌లో పెట్టండి. మీటర్ని 2 వోల్ట్‌ల డీసీకి తిప్పండి. ఎర్ర ప్రోబు ఇంజిన్ బ్లాకు మీద, నల్లది బ్యాటరీ నెగటివ్ స్తంభం మీద. క్లాంపు మీద కాదు, సీసం స్తంభం మీదే, లేకపోతే క్లాంపులోని లోపం లెక్కలోకి రాదు. నాలుగైదు సెకన్లు సెల్ఫ్ కొట్టించండి. 0.3 దాటితే స్ట్రాపో (ఇంజిన్‌ని ఎర్త్‌కి కలిపే పట్టీ), క్లాంపో పోయినట్టే. తర్వాత ఫ్యూజు పెట్టి బండి స్టార్ట్ చేసి హెడ్‌లైట్లు, బ్లోవర్ వేసి ఇంజిన్ నుంచి నెగటివ్‌కి, బాడీ నుంచి నెగటివ్‌కి విడివిడిగా చూడండి. 0.1 లోపు రావాలి.

మన ఊళ్లో ఒక్క గట్టి వానకి రోడ్లు నాలాలైపోతాయి, ఆ నీళ్లలోంచే బండి నడుస్తుంది. బ్యాటరీ ట్రే కింద, చాసిస్‌కి బిగించిన ఎర్త్ బోల్టు దగ్గర పచ్చటి పొడి పట్టకపోతే ఆశ్చర్యపోవాలి. బోల్టు విప్పి, కింద పెయింటు పోయి లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో గీకి, పళ్లున్న స్టార్ వాషర్ వేసి బిగించి, ఆ పైన వాజ్‌లిన్ రాయండి. ముందు వాజ్‌లిన్ రాసి తర్వాత బిగించే మహానుభావులున్నారు, అది తిరగేసిన పని. స్ట్రాప్ కొత్తది వేస్తే గుండ్రటి వైరు కంటే చదునైన రాగి అల్లిక మేలు, హై ఫ్రీక్వెన్సీ నాయిస్‌కి అది తేలికైన దారి. ఇంజిన్ స్ట్రాప్ బొత్తిగా తెగితే స్టార్టర్ కరెంటు క్లచ్ కేబులో, యాక్సిలరేటర్ కేబులో పట్టుకుని పోతుంది. ఊరికే కేబుళ్లు వేడెక్కుతున్నాయంటే అనుమానించాల్సింది దీన్నే.

ఎర్త్ బాగుందా, ఇక డైనమో, అదే ఆల్టర్నేటర్. బండి స్టార్ట్ చేసి లైట్లు వేసి బ్యాటరీ స్తంభాల మధ్య ఏసీ వోల్టేజి కొలవండి. 0.1 లోపు ఉంటే హాయి. 0.5 దాటితే లోపల ఏసీని డీసీ చేసే డయోడ్ పోయింది. ఇక్కడో తిరకాసు ఉంది. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే చవక పసుపు మీటర్లలో అతి చిన్న ఏసీ రేంజి 200 వోల్ట్‌లు. పైగా అవి డీసీని కూడా ఏసీలాగే చూపించి 28 అంటాయి. అది చూసి డైనమో విప్పకండి. ఏసీ మిల్లీవోల్ట్‌లు చూపే మీటరే కావాలి. అనుమానం తీరకపోతే ఎర్ర ప్రోబుకి వరసలో 1 మైక్రోఫారడ్ నాన్‌పోలార్ కెపాసిటర్ పెడితే డీసీ ఆగిపోతుంది.

ఇంతకంటే చవకైన పరికరం ఒకటుంది, పాత మీడియం వేవ్ ట్రాన్సిస్టర్ రేడియో. ఆకాశవాణి హైదరాబాద్ ఏ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. దానికి దూరంగా, ఏ స్టేషనూ లేని చోట ముల్లు పెట్టి బానెట్ ఎత్తి వైర్ల వెంట తిప్పండి. ఆర్పీఎంతో పాటు టిక్ టిక్ పెరిగితే ఇగ్నిషన్. రేస్ చేసినా మారని బుస్ అయితే ఎల్‌ఈడీ లైటుకి కరెంటు సర్దే డ్రైవర్ డబ్బానో, లైటర్ సాకెట్‌లోని చార్జరో. స్టీరియోలో రేస్‌తో పాటు పైకెక్కే కూత ఉంటే డైనమోది. మామూలు 12 పోల్స్ డైనమో ఒక చుట్టుకి 36 అలలు ఇస్తుంది. ఇంజిన్ 800 మీద ఉన్నప్పుడు పుల్లీ వల్ల డైనమో 2,000 తిరుగుతోందనుకుంటే 1,200 హెర్ట్జ్ కూత అది. ఇంకా అనుమానమైతే బండి ఆపి డైనమో చిన్న కనెక్టర్ పీకి మళ్లీ స్టార్ట్ చేయండి, ఒక్క నిమిషం చాలు. కూత పోతే దొంగ దొరికినట్టే. లావు వైరు జోలికి మాత్రం వెళ్లకండి.

లావు వైరంటే గుర్తొచ్చింది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి "చార్జింగ్ ఉందా లేదా" చూసే పద్ధతి ఈ ఊళ్లో ఇంకా బతికే ఉంది. ఇది డైనమో పరీక్ష అనుకుంటే పొరపాటు, ఈసీఎంకి ఉరి అది. బ్యాటరీ పోగానే దాంట్లోకి వెళ్లే కరెంటుకి దారి లేక వోల్టేజి ఎగిసిపడుతుంది. అడ్డుకట్ట లేని వ్యవస్థలో అది 80 వోల్ట్‌లు కూడా దాటుతుంది. చార్జింగ్ చూడాలంటే స్తంభాల మధ్య డీసీ కొలవండి, 13.8 నుంచి 14.5 దాకా వస్తే సరి. మీ కళ్ల ముందే ఎవరైనా టెర్మినల్ మీద స్పానర్ పెడితే మొహమాటపడకుండా చెయ్యి పట్టుకోండి.

ఇగ్నిషన్ వైపు తప్పు పార్టే ఎక్కువ ముంచుతుంది. ఎన్‌జీకే బీపీఆర్6ఈఎస్ స్పార్క్ ప్లగ్ పేరులో ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉందని, సుమారు 5 కిలోఓమ్‌లు. ఆ అక్షరం లేని బీపీ6ఈఎస్ కూడా అదే మరలో కూర్చుంటుంది, బండీ నడుస్తుంది, నాయిస్ మాత్రం బజారున పడుతుంది. ప్లగ్ పై టెర్మినల్ నుంచి మధ్య ఎలక్ట్రోడ్‌కి మీటర్ పెడితే సున్నా వచ్చిందా, పక్కన పడేయండి. "పికప్ పెరుగుద్ది" అని అమ్మే రాగి తీగ ప్లగ్ వైర్లూ అంతే. కంపెనీ కార్బన్ వైర్లే వేయండి. కెపాసిటర్ పెట్టాలనుంటే 0.47 మైక్రోఫారడ్‌ది కాయిల్ 12 వోల్ట్ ఫీడు నుంచి ఎర్త్‌కి పెట్టండి. ఈసీఎం కాయిల్‌ని కొట్టించే ట్రిగ్గర్ వైరు మీద పెడితే స్పార్కే పాడవుతుంది.

సీఎన్‌జీ కిట్ బిగించిన బళ్లలో ముందు ఆ కొత్త వైర్లు ఎటు పోతున్నాయో చూడండి. క్రాంక్ సిగ్నల్ మీద గీకి చుట్టి టేపు వేసిన జాయింట్ కనపడుతుంది, అదీ కాయిల్ పక్కనే. సోల్డర్ చేసి స్లీవ్ వేయండి, ప్లగ్ వైర్లకి జానెడు దూరంలో నడపండి, దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి. సిగ్నల్ వైరు చుట్టూ ఉండే షీల్డు ఈసీఎం వైపు ఒక్క చివరే ఎర్త్ కావాలి. రెండు చివరలా కలిపితే షీల్డులోనే కరెంటు పారి సిగ్నల్లోకి నాయిస్‌ని మోసుకొస్తుంది.

రాణిగంజ్‌లో కొన్న హారన్ రిలేకి కాయిల్ పిన్నులు 85, 86 మధ్య ఒక 1ఎన్4007 డయోడ్, గీత ఉన్న వైపు పాజిటివ్‌కి. లేకపోతే హారన్ వదిలిన ప్రతిసారీ ఆ కాయిల్ వంద వోల్ట్‌లు దాటే దెబ్బ వైరింగులోకి తంతుంది. డయోడ్ తిరగబడితే ఫ్యూజు ఎగురుతుంది, డయోడ్ కూడా మాడిపోవచ్చు.

హెడ్‌లైట్ వేయగానే 102.8 వివిధభారతి బుస్సుమంటే ఎల్‌ఈడీ కిట్ డ్రైవరే. దానికి ఫెరైట్, అంటే వైరు దూర్చే నల్లటి అయస్కాంతపు పూస, పనిచేస్తుంది. రెండు వైర్లనీ కలిపి డ్రైవర్ పక్కనే మూడు చుట్లు తిప్పండి, ఒక్క చుట్టుతో పోలిస్తే సుమారు తొమ్మిది రెట్ల ఫలితం. అదే ఫెరైట్‌ని డైనమో కూతకి కూడా అంటగట్టే దుకాణాలున్నాయి. 1,200 హెర్ట్జ్‌కి ఆ పూస దోమతెర కట్టి వాన ఆపినట్టే. దానికి స్టీరియో పవర్ లైన్లో కాయిల్, కెపాసిటర్ కలిసిన ఫిల్టర్ కావాలి, అదీ ఎర్త్ గీకి బిగించాక కూడా కూత మిగిలితేనే.