శాతం సరే, ఎంతమందిలో?

ఆరోగ్య వార్తలు చదివి చదివి విసిగిపోయినవాళ్లు చివరికి అనే మాట ఒకటుంది: "నిన్న మంచిదన్నారు, ఇవాళ చెడ్డదంటున్నారు. వీళ్ల మాట వింటే ఇక ఏమీ తినలేం." ఆ విసుగును నేను తప్పుపట్టను. కానీ ఆ విసుగులో గట్టి ఆధారం ఉన్న సలహాను కూడా పక్కన పడేస్తారు. నాకు భయం అక్కడే. నన్నడిగితే, లోపం పరిశోధనల్లో కన్నా అవి మన దాకా వచ్చే తీరులో ఎక్కువగా ఉంది. బలమైన అధ్యయనానికీ, బలహీనమైనదానికీ ఒకే సైజు హెడ్డింగ్ పెడుతున్నారు.

ముందుగా శాతాల సంగతి. 2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ప్రాసెస్ చేసిన మాంసాన్ని (ఉప్పు పట్టించో, పొగబెట్టో నిల్వచేసిన సాసేజ్, బేకన్ లాంటివి) క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. పొగాకు కూడా అదే గ్రూపులో ఉంది. దాంతో రెండింటి ప్రమాదమూ సమానమే అన్నట్టు వార్తలు వచ్చేశాయి. నిజానికి ఆ గ్రూపు చెప్పేది ఆధారం ఎంత గట్టిదో మాత్రమే. ప్రమాదం ఎంత పెద్దదో అది చెప్పదు. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందన్నది అప్పుడు ఇచ్చిన లెక్క. వినగానే నూటికి 18 మందికి వస్తుందనిపిస్తుంది. అలా కాదు. జీవితకాలంలో వంద మందిలో ఐదుగురికి ఆ క్యాన్సర్ వచ్చే చోటు ఒకటి ఉందనుకోండి. ఆ వంద మందీ రోజూ ఆ మాంసం తింటే ఐదుగురు దాదాపు ఆరుగురవుతారు. ఆ ఒక్కరినీ నేను చిన్నచూపు చూడటం లేదు. కోట్ల జనాభాలో అది పెద్ద సంఖ్యే. కానీ "18 శాతం" అని భయపెట్టడం వేరు, "ఐదు ఆరవుతుంది" అని చెప్పడం వేరు. రెండో మాట విన్న మనిషి తన ప్లేటు గురించి తాను ఆలోచించుకోగలడు.

రెండోది, ఎవరు ఏం తింటున్నారో చూసి రాసుకున్న అధ్యయనానికీ, మనుషులను గుంపులుగా విడదీసి ఇచ్చి చూసిన ట్రయల్‌కీ ఉన్న తేడా. దీన్ని బీటా కెరోటిన్ (క్యారెట్ లాంటివాటికి నారింజ రంగునిచ్చే పదార్థం) కథ చెప్పినంత స్పష్టంగా మరొకటి చెప్పదు. కూరగాయలు, పళ్లు బాగా తినేవాళ్లలో, రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువగా ఉన్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. అలాంటప్పుడు దాన్ని మాత్రగా ఇస్తే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్లను లాటరీ తీసినట్టు గుంపులుగా విడదీసి, కొందరికి ఆ మాత్రలు, మరికొందరికి ఉత్తుత్తి మాత్రలు ఏళ్ల తరబడి ఇచ్చారు. 1994లో ఫలితాలు వచ్చాయి. బీటా కెరోటిన్ మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది! పొగతాగేవాళ్లతో, ఆస్‌బెస్టాస్ మధ్య పనిచేసినవాళ్లతో అమెరికాలో నడుస్తున్న ఇలాంటి ట్రయల్‌లోనూ హాని కనిపించడంతో 1996లో దాన్ని మధ్యలోనే ఆపేశారు.

కూరగాయలు బాగా తినే మనిషి చాలాసార్లు పొగ తక్కువ తాగుతాడు, నడుస్తాడు, వేళకు నిద్రపోతాడు, చెకప్‌లకు వెళ్తాడు. ఆ మొత్తం జీవితం ఇచ్చిన మేలును మనం ఒక పదార్థం ఖాతాలో రాసేశాం. ఇప్పటికీ "ఇది తినేవాళ్లకు ఆ జబ్బు తక్కువ" అనే వార్తల్లో చాలావాటి వెనక ఇదే చిక్కు ఉంటుంది.

అలాగని పెద్ద సంఖ్య ఉంటేనే మంచి పరిశోధన అనీ కాదు. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం చేసిన ట్రయల్‌లో ఉన్నది 20 మందే. నాలుగు వారాలు వాళ్లు పరిశోధన కేంద్రంలోనే ఉన్నారు. రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి, అంటే ఫ్యాక్టరీలో తయారై ప్యాకెట్లలో వచ్చే రకం, రెండు వారాలు మామూలుగా వండినది. రెండు రకాల భోజనాల్లోనూ ముందు పెట్టే కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, సోడియం సమానంగా ఉండేలా చూశారు. ఎంత కావాలంటే అంత తినొచ్చు, వద్దంటే వదిలేయొచ్చు. ప్లేటులో మిగిలింది తూచి లెక్కకట్టారు. అల్ట్రా ప్రాసెస్డ్ తిండి పెట్టిన రోజుల్లో ఒక్కొక్కరు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, దాదాపు కిలో బరువు పెరిగారు. మామూలు తిండి తిన్నప్పుడు అంతే తగ్గారు. ఇన్నాళ్లూ మనం లావెక్కిన మనిషిని చూసి నోరు కట్టుకోలేడని నిందించాం. అదే మనిషి ముందు వేరే ప్లేటు పెడితే, ఎవరూ చెప్పకుండానే తక్కువ తిన్నాడు. ఆ ట్రయల్ నడిచింది కొద్ది రోజులే కాబట్టి జీవితకాలానికి తీర్పు చెప్పలేదు. అయినా నా దృష్టిలో ఆ నింద సరికాదని చెప్పడానికి అది చాలు.

"మాట మారుస్తారు" అన్న ఆరోపణ ఇంకా ఉంది. స్పెయిన్‌లో ఏడు వేల మందికి పైగా పాల్గొన్న మెడిటరేనియన్ ఆహారం (ఆలివ్ నూనె, కూరగాయలు, గింజలు, చేపలు ఎక్కువగా ఉండే తిండి) ట్రయల్ ఫలితాలు 2013లో వచ్చాయి. కొందరిని గుంపుల్లో వేసిన పద్ధతి సరిగా లేదని, ఒకచోట క్లినిక్ మొత్తానికి ఒకే ఆహారం ఇచ్చారని తర్వాత బయటపడింది. పరిశోధకులు 2018లో ఆ పత్రాన్ని వెనక్కి తీసుకుని, మళ్లీ లెక్కకట్టి, అదే పత్రికలో ప్రచురించారు. గుండె జబ్బులు, పక్షవాతం తగ్గాయన్న ఫలితం దాదాపు అలాగే నిలిచింది. కాకపోతే ఈసారి అంత ధీమాగా చెప్పలేదు. ఇలా దిద్దుకున్నవాళ్ల మీద నాకు నమ్మకం పెరిగింది.

ఇక ఉప్పు. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21 వేల మందితో సగటున ఐదేళ్లకు కాస్త తక్కువగా నడిచిన ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. అందరూ అంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్లో, అరవై దాటి బీపీ ఉన్నవాళ్లో. సగం గ్రామాల్లో మామూలు ఉప్పుకు బదులు, నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. పక్షవాతం 14 శాతం తగ్గింది. ఎంతమందిలో అని అడిగితే, ఏడాదికి వెయ్యి మందిలో 34 దాకా ఉన్నవి 29కి వచ్చాయి. మరణాలూ తగ్గాయి. మందులు కాదు, డైటింగ్ కాదు, వంటింట్లో ఒక డబ్బా మారిందంతే. ఇంత గట్టి ఆధారం ఉన్న మార్పు గురించి ఎంతమంది విన్నారు?

విన్నవాళ్లు కూడా ఒక విషయం తప్పక తెలుసుకోవాలి. తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నట్టు తెలిసినవాళ్లను, పొటాషియాన్ని ఒంట్లో నిలిపి ఉంచే రకం బీపీ మందులు వాడేవాళ్లను ఆ ట్రయల్‌లో చేర్చుకోలేదు. కిడ్నీలు దెబ్బతింటే పొటాషియం సరిగా బయటికి పోదు. రక్తంలో పేరుకుపోతే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. అలాంటివాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఈ ఉప్పు జోలికి వెళ్లకూడదు. "ఉప్పు మారిస్తే పక్షవాతం దూరం" అన్న హెడ్డింగ్‌లో ఈ మాటకు చోటు దొరకదు. వార్త రాసేవాళ్లు మొదటి పేరాలోనే దీనికి చోటు ఇవ్వాలి.