కొత్త అల్లుడు గ్రాఫిక్స్ కార్డు గారికి మామగారి లేఖ

మహారాజశ్రీ ఆర్‌టీఎక్స్ 5090 అల్లుడు గారికి,

సికింద్రాబాదు నుంచి మీ కాబోయే మామగారు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మామ అల్లుడికి నమస్కారం పెట్టడమేమిటని మా ఆవిడ వెనకనుంచి తొంగిచూసి అడిగింది. 2025లో వచ్చినప్పుడే 2,14,000 రూపాయల దగ్గర బేరం మొదలైన అల్లుడికి ఉత్త ఆశీర్వాదం సరిపోదే అన్నాను.

మిమ్మల్ని మొదటిసారి చూసింది 2025 జనవరి 7 పొద్దున. లాస్ వేగస్‌లో అప్పటికింకా 6వ తేదీ సాయంత్రమే. మీ తండ్రిగారు, ఎన్విడియా కంపెనీ అధిపతి జెన్సెన్ హువాంగ్, తళతళలాడే తోలు జాకెట్టు వేసుకుని వేదిక మీద మిమ్మల్ని చేత్తో ఎత్తి చూపిస్తుంటే, నేనిక్కడ ఆఫీసు మీటింగుని ఒక చెవిలో పెట్టుకుని రెండో చెవితో పెళ్లిచూపులు కానిచ్చాను. 9,200 కోట్ల ట్రాన్సిస్టర్లు, 32 జీబీ మెమరీ, కట్నం 1,999 డాలర్లు. అబ్బాయి నచ్చాడు.

ఇంట్లో మాత్రం ఏఐ నేర్చుకోవడానికి అని చెప్పాను. గేములకి అని నలభై ఆరేళ్లవాడు ఏ నోటితో చెబుతాడు? ఏఐ వచ్చి ఉద్యోగాలు పోతాయని అందరూ రాస్తున్నారు గానీ, ఆ రెండక్షరాలు మధ్యవయసు మగవాళ్లకి ఇంట్లో ఎంత అక్కరకొచ్చాయో ఒక్కరూ రాయరు.

నేనూ ఒకప్పుడు కొత్త అల్లుణ్ణే. తొలి సంక్రాంతికి భీమవరం వెళితే మా మామగారు నాకోసం కొత్త టేబుల్ ఫ్యాను కొన్నారు. అంతే. పందెం కోడికి అంతకంటే ఎక్కువ ఖర్చు పెట్టారని తర్వాత తెలిసింది. మీ విషయంలో అలాంటి లోటు జరక్కూడదని ఏడాదిగా ఇల్లు సర్దుతూనే ఉన్నాను.

ముందు క్యాబినెట్, అంటే పార్టులన్నీ కూర్చునే డబ్బా. పాతదాన్ని ఆటోలో వేసుకుని పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాను. సీటీసీ మెట్లెక్కి ఒక్కో పార్టూ ఏరుకున్న తరానికి అది గుడితో సమానం. చెప్పులు విప్పం, పర్సు విప్పుతాం. షాపు కుర్రాడు టేపు పెట్టి కొలిచి, "అన్నా, గీ డబ్బాల గది పట్టదు. ముందట కూలర్ రేడియేటర్ పెడితే ఇంకో రెండించులు పోతది" అన్నాడు. నిజమే. మీ పుట్టింటివాళ్లు చేసిన రూపం 304 మిల్లీమీటర్ల పొడవు, రెండు స్లాట్ల మందం. మిగతా కంపెనీలు మూడేసి ఫ్యాన్లు తొడిగి పంపేవాటిలో 350 దాటినవీ ఉన్నాయి. పార్టులన్నీ తగిలించే మదర్‌బోర్డు చూస్తేనేమో 1995లో ఇంటెల్ గీసిన ఏటీఎక్స్ కొలతే ఇప్పటికీ: 305 బై 244. ఆ రోజుల్లో గ్రాఫిక్స్ కార్డంటే అరచేతంత. ఇప్పుడు అల్లుడు పడుకుంటే కాళ్లు గుమ్మం బయటికి వస్తున్నాయి.

సరే, పెద్ద క్యాబినెట్ తీసుకున్నాను. ముందూ పక్కనా అద్దాలు. చేపల్లేని అక్వేరియం. మూడు ఫ్యాన్ల రూపంలో మీ బరువు రెండు కిలోలు దాటొచ్చని, ఒక్క స్లాట్ పట్టుకుని అంత బరువు వేలాడితే కొన్నాళ్లకి నడుము వంగుతుందని తెలిసి, కింద ఊతంగా పెట్టే చిన్న స్టాండు కూడా ఆర్డరు పెట్టాను. అన్నిటికంటే ముందు ఇంటికొచ్చిన పార్టు అదే.

ఇక ఎస్‌ఎంపీఎస్, అంటే పార్టులన్నిటికీ కరెంటు పంచే డబ్బా. మిగతా జీవితమంతా దీన్ని చివర్లో, మిగిలిన చిల్లరతో కొన్నవాణ్ణి. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చినదాంతోనే పదేళ్లు లాగించాను. మీరు ఒక్కరే 575 వాట్లు లాగుతారట, మొత్తం కంప్యూటర్‌కి 1000 వాట్లది పెట్టాలని మీ పుట్టింటివాళ్ల మాట. అల్లుడికి అరకొరగా పెడతామా? 1200 వాట్లది, 80 ప్లస్ గోల్డ్ తీసుకున్నాను. "గోల్డ్" అన్న మాట మా అమ్మ చెవిన పడింది. హాల్‌మార్క్ ఉందా అంది. బంగారం కాదమ్మా, సగం లోడు మీద నడిచేటప్పుడు గోడలోంచి వంద వాట్లు లాగితే కనీసం తొంభై లోపలికి అందుతాయి, మిగతాది వేడిగా పోతుంది, దానికి ఆ పేరు పెట్టారు అని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అంటే తరుగు పది శాతమా? మన కంసాలే నయం" అని లోపలికి వెళ్లిపోయింది.

వాట్లు సరిపోతే చాలదని చదివాక తెలిసింది. మీకు మధ్యమధ్యలో పూనకం వస్తుందట, రెప్పపాటులో వెయ్యో వంతు కూడా ఉండదు, ఆ క్షణంలో ఉన్నట్టుండి ఇంకా ఎక్కువ లాగుతారట. అందుకే ఏటీఎక్స్ 3.0 ప్రమాణం నుంచి ఎస్‌ఎంపీఎస్‌లు 100 మైక్రోసెకన్ల పాటు తమ సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని తట్టుకుని తీరాలన్నారు. అల్లుడి అలకకి ఇంజనీర్లు కూర్చుని ప్రమాణం రాయడం నేనెక్కడా వినలేదు. జామాతా దశమగ్రహం అన్న పెద్దలు ఆ గ్రహానికి ఎన్ని వాట్లో చెప్పకుండానే పోయారు.

ఆ కనెక్టర్ సంగతి తలుచుకుంటే మాత్రం నవ్వు రాదు. మా బాత్రూములో గీజరు రెండు కిలోవాట్లు. 230 వోల్టుల మీద అది లాగేది తొమ్మిది ఆంపియర్లలోపే, దానికే గోడలో లావుపాటి వైరు, ప్రత్యేకంగా స్విచ్చు. మీకు కరెంటు అందించే ఆ నల్ల కనెక్టర్ బొటనవేలంత కూడా లేదు. దాని పరిమితి 600 వాట్లు. 12 వోల్టుల మీద అంటే 50 ఆంపియర్లు, ఆరు సన్నపాటి పిన్నుల్లోంచి. 2022లో మీ అన్నగారు 4090 వచ్చిన కొత్తలో అక్కడక్కడ ఆ ప్లాస్టిక్ కరిగింది. పూర్తిగా లోపలికి దిగకపోవడం ఒక కారణమని తేల్చి, పిన్నుల పొడవులు మార్చి 12వీ-2ఎక్స్6 అని కొత్త పేరు పెట్టారు. 2025 ఫిబ్రవరిలో, మీరు అత్తారిళ్లకి బయల్దేరిన రెండు వారాలకే, మళ్లీ కరిగిన ఫొటోలు వచ్చాయి. గీజరు వేసి మర్చిపోయానని మా ఆవిడ మీద కేకలేసే నేను, ఇప్పుడు రోజూ రాత్రి టార్చి వేసి ఆ కనెక్టర్ చివర చూసి పడుకుంటున్నాను. దాని అవతలి కొసకి ఏమీ తగిలించి లేదు. అయినా అలవాటు చేసుకోవాలి కదా.

ప్రాసెసర్ గురించి త్వరగా చెప్పేస్తాను. రైజెన్ 7 9800ఎక్స్3డీ. ఎనిమిది కోర్లు, 96 ఎంబీ ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్ చేతికందేలా ఉంచుకునే మెమరీ. దీని ముందు మోడల్లో ఆ అదనపు క్యాష్‌ని కోర్ల నెత్తిన పెడితే వేడి పైకి రానీయకుండా అదే దుప్పటి అయింది. ఇందులో దుప్పటి తీసి పరుపు చేశారు. తీరా 4కే మానిటర్ మీద ఆడేటప్పుడు భారమంతా మీ మీదే పడుతుంది, ఇందులో సగం ధర ప్రాసెసర్ పెట్టినా ఫ్రేములు, అంటే సెకనుకి గీసే బొమ్మలు, ఇంచుమించు అవే వస్తాయి. ఈ ముక్క నాకు ముందే తెలుసు. తెలిసే కొన్నాను. ఒక పార్టు మిగతావాటిని వెనక్కి లాగడం, అదే బాటిల్‌నెక్, అనే మాట ఒకసారి చెవిన పడ్డాక మనిషికి నిద్ర పట్టదు.

మదర్‌బోర్డు దగ్గర మీ మర్యాద కోసం నేను పడ్డ పాట్లు మీకు తెలియాలి. కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 స్లాట్లో ఎస్‌ఎస్‌డీ పెడితే మీకివ్వాల్సిన 16 లేన్లు, అంటే సమాచారం వచ్చిపోయే దారులు, 8 అయిపోతాయి. అల్లుడి విస్తట్లో పక్కవాడు చెయ్యి పెట్టినట్టు. ఆ దారుల కొత్త ప్రమాణం పీసీఐఈ 5 మీద 8 లేన్లున్నా ఆటలో తేడా కనిపెట్టడం కష్టమే. కానీ పంక్తిలో అల్లుడికి అరాకు వేశారన్న మాట పడతామా? మాన్యువల్ మూడుసార్లు చదివాను. నా పెళ్లి శుభలేఖ ప్రూఫు కూడా అన్నిసార్లు చూడలేదు.

మీరొచ్చాక ఆ గదిలో ప్రాసెసర్‌తో కలిపి ఏడెనిమిది వందల వాట్ల వేడి. చలికాలం ఢిల్లీలో రూమ్ హీటర్ పెట్టుకుంటారే, అది. మే నెలలో, హైదరాబాదులో, తలుపులు మూసి. నాలుగు గంటలు ఆడితే మూడు యూనిట్లు మీకు, ఆ వేడిని బయటికి తోలడానికి ఏసీకి మళ్లీ వేరే. పాత యూపీఎస్ 600 వీఏది. దాని శక్తి 360 వాట్లు. కరెంటు పోతే మీరు బతికుండేది అది ఒక్క కూత కూసేంతసేపు. దాన్నీ మార్చాను.

ఇంతకీ మీ గురించి ఒక అనుమానం. మల్టీ ఫ్రేమ్ జనరేషన్ అంటారే, మీరు నిజంగా గీసే ప్రతి ఫ్రేముకీ మూడేసి ఫ్రేములు ఊహించి మధ్యలో ఇరికిస్తారట. అంటే నాలుగు మాటల్లో మూడు కల్పన. మా ఊళ్లో ఇలాంటి అల్లుడొకాయన ఉండేవాడు, దుబాయిలో మేనేజరునని చెప్పేవాడు. నేను ఆక్షేపించడం లేదు. తెర మీద నున్నగా కనబడితే చాలు, కూపీ లాగకూడదు.

ఇక ర్యామ్. నా పతనం ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఓపికపట్టండి.

డీడీఆర్5, 6000 వేగం, రెండు 32 జీబీ స్టిక్కులు. ఇంతవరకు గొడవ లేదు. బోర్డు మీద నాలుగు స్లాట్లుంటాయి గానీ నాలుగూ నింపితే వేగం పడిపోతుంది. నాలుగు పీటలు వేసి ఇద్దరే కూర్చోండి, అదీ రెండోదీ నాలుగోదీ, అన్నట్టు. అది కూడా ఒప్పుకున్నాను. ఆలస్యాన్ని చెప్పే అంకెలో సీఎల్30 తీసుకోవాలా, సీఎల్36 తీసుకోవాలా అన్న దగ్గర ఆగిపోయాను. లెక్క వేస్తే మొదటిది అడిగిన సమాచారాన్ని అందించడం మొదలుపెట్టడానికి 10 నానోసెకన్లు తీసుకుంటుంది, రెండోది 12. నానోసెకనంటే సెకనులో వంద కోట్లో వంతు. ఆ రెండు నానోసెకన్ల గురించి 2025 దసరాకి ఆలోచించడం మొదలుపెట్టాను. దీపావళికి ఒక నిర్ణయానికి వచ్చాను. తర్వాత లైట్లు ఉన్నవా, లేనివా అన్నది తేలడానికి కార్తీకమాసం పట్టింది.

ఈలోగా లోకంలో డేటా సెంటర్లన్నీ ఏఐ కోసం మెమరీ చిప్పుల మీద పడ్డాయి. కార్తీకం వెళ్లేసరికి నేను చూసి పెట్టుకున్న ర్యామ్ ధర రెట్టింపు దాటింది. డిసెంబరు 3న మైక్రాన్ కంపెనీ, క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారం మానేస్తున్నామని ప్రకటించింది. ఆ మర్నాడు నేను కంగారులో, దొరికిందే చాలని, ఉన్న ధరకి కొనేశాను. ఏ ఏఐ పేరు చెప్పి ఇంట్లో బొంకానో ఆ ఏఐయే వచ్చి నా ర్యామ్ డబ్బులు మింగింది. ఈ సంగతి మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. చెబితే నవ్వదు, అదీ భయం.

వచ్చింది సీఎల్40, అల్లుడు గారూ. లైట్లున్నది.

అల్లుడికి నెయ్యి లేదు, అల్లుడితో కూడా వచ్చినవాళ్లకి నూనె లేదు అని సామెత. మా ఇంట్లో తిరగబడింది. మీతో కూడా రావలసినవాళ్లందరికీ, క్యాబినెట్‌కి, ఎస్‌ఎంపీఎస్‌కి, 360 ఎంఎం లిక్విడ్ కూలర్‌కి, యూపీఎస్‌కి, నెయ్యి కారేలా వడ్డించాను, 18 శాతం జీఎస్‌టీతో సహా. మీ దగ్గరికొచ్చేసరికి గిన్నె ఖాళీ.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. నాది తోడల్లుడి బాధ. సంక్రాంతికి వచ్చి, అద్దాలలోంచి రంగురంగుల లైట్ల మధ్య ఆ ఖాళీ జాగా చూసి, "ఇందులో ఏం పెడతావు బావా, దేవుడి పటమా?" అన్నాడు. అతగాడి లాప్‌టాప్ యాభై వేలది. మధ్యాహ్నం పూట దాని మీదే ఆడుకుంటూ పడుకున్నాడు.

మీరు లేకుండా కంప్యూటర్ ఎలా నడుస్తోందని మీకు సందేహం రావాలి. ఇది చెప్పడానికే అసలు ఈ ఉత్తరం. ప్రాసెసర్‌లోనే పుట్టి అక్కడే ఉండిపోయిన ఒక చిన్న గ్రాఫిక్స్ ఉంది. ఇల్లరికపు అల్లుడన్నమాట. మీకు 21,760 కోర్లు, వాడికి 128. వాడికంటూ సొంత మెమరీ లేదు, మామగారి ర్యామ్‌లోనే ఒక మూల సర్దుకుంటాడు. వాడి కోసం నేను కనెక్టర్ కొనలేదు, కొలతలు తీయలేదు, వాడి పేరేమిటో కూడా నిన్నటిదాకా తెలియదు. సంక్రాంతి నుంచి ఆఫీసు పని, మా అమ్మ భాగవత ప్రవచనాలు, మా అబ్బాయి ఆన్‌లైన్ ట్యూషను, కరెంటు బిల్లు కట్టడం, అన్నీ వాడే చూస్తున్నాడు. ఈ ఉత్తరం టైపు చేస్తున్నదీ వాడి మీదే. 1200 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను తిరగాల్సిన అవసరం కూడా రావడం లేదు.

ఈ మాట మీ దగ్గర అన్నానని వాడికి తెలియనివ్వకండి.

వీలు చూసుకుని రండి. తొందరేం లేదు. మీ నడుముకి ఊతంగా కొన్న స్టాండు క్యాబినెట్ లోపల మీరు కూర్చోవలసిన చోటే నిలబడి ఉంది. దాని మీద ఏమీ లేదు. మొన్న భోగికి దుమ్ము తుడుస్తూ మా ఆవిడ, ఇది అగరొత్తుల స్టాండా అని అడిగింది. అవునన్నాను.

ఇట్లు,
మీ రాక కోరే,
మామగారు