మెట్టుకో పతకం బాకీ

క్రీడల చరిత్ర రాసేవాళ్ళు ఒక ఘోరమైన పక్షపాతం చూపించారు. గెలిచినవాళ్ళ పేర్లు రాసి, గెలిచినవాళ్ళను ఓడించినవాళ్ళ పేర్లు వదిలేశారు. వీల్‌చైర్ రేసుల రాణి టానీ గ్రే థాంప్సన్ సంగతే చూడండి. 1969లో కార్డిఫ్‌లో పుట్టిన ఈవిడ 1988 సియోల్ మొదలు 2004 ఏథెన్స్ దాకా ఐదు పారాలింపిక్స్‌లో 16 పతకాలు పట్టుకెళ్ళారు. అందులో 11 స్వర్ణాలు. లండన్ మారథాన్ ఆరుసార్లు గెలిచారు. ఇవన్నీ లెక్కపెట్టి రాసిన పెద్దమనుషులు, ఆవిణ్ణి పదే పదే ఆపేసిన ప్రత్యర్థి గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. పాపం దానికి కోచ్ లేడు, స్పాన్సర్ లేడు, తెల్లారుజామునే లేచి సాధన చేసే అలవాటూ లేదు. ఎక్కడ కట్టినవాళ్ళు అక్కడే పడి ఉంటుంది. ఎత్తు జానెడు. పేరు మెట్టు.

ఓడినవాళ్ళ బలం తెలిస్తే తప్ప మెట్టు ఘనత అర్థం కాదు కాబట్టి కాస్త ఓపిక పట్టండి. టానీ గారి వెన్నెముక పుట్టుకతోనే సరిగా మూసుకోలేదు. దాన్నే స్పైనా బిఫిడా అంటారు. అసలు పేరు కారీస్ డేవినా. పొత్తిళ్ళలో బిడ్డను చూసి అక్క 'టైనీ' (బుల్లిది) అనబోతే నోరు తిరగక ‘టానీ’ అయింది, అదే స్థిరపడింది. పెరిగేకొద్దీ కాళ్ళు ఆగిపోయాయి, కుర్చీ వచ్చింది.

రేసు కుర్చీ అంటే ఆసుపత్రి వరండాలో చక్రం కీచుమనే కుర్చీ అనుకునేరు. వెనక రెండు పెద్ద చక్రాలు, పైఅంచులు లోపలికి వాలి ఉంటాయి. ముందు బారుగా చాచిన కడ్డీ, దాని చివర ఒక చిన్న చక్రం. గేర్లుండవు, చైనుండదు. ఒళ్ళంతా ముందుకు వంచి, గట్టి గ్లౌజులు తొడుక్కున్న చేతులతో చక్రాలకున్న రింగులను గుద్దుకుంటూ పోవాలి. పట్టుకుని తోయడం కాదు, గుద్దడమే. మలుపు రాగానే ముందున్న చిన్న మీట మీద ఒక్క దెబ్బ వేస్తే ముందు చక్రం ట్రాక్ వంపుకు సరిపడా తిరిగి అలాగే ఉంటుంది. మలుపు దాటాక ఎదురువైపు నుంచి ఇంకో దెబ్బ. ఆ రెండు దెబ్బలకీ మధ్య చేతులు గుద్దడం ఆపకూడదు. ఇలా గుద్ది గుద్దే ఆవిడ 1992 బార్సిలోనాలో 100, 200, 400, 800 మీటర్లు నాలుగూ గెలిచారు. 400 మీటర్లను నిమిషంలోపు ముగించిన మొదటి మహిళ కూడా ఆవిడే. 2000లో సిడ్నీ వెళ్ళి మళ్ళీ అవే నాలుగూ తెచ్చుకున్నారు.

సరిగ్గా అప్పుడు మెట్టు రంగంలోకి దిగింది. (దిగింది అనకూడదేమో, అది దిగే రకం కాదు.)

ఆ ఏడాది చివర బీబీసీ వాళ్ళ ఉత్తమ క్రీడాకారుల అవార్డుల సభ. రోయింగ్ వీరుడు స్టీవ్ రెడ్‌గ్రేవ్ మొదటి స్థానం, డెనీస్ లూయిస్ రెండు, మన టానీ గారు మూడు. చప్పట్లు మోగాయి. వేదికకు మాత్రం ర్యాంపు లేదు. ఎనిమిది వందల మీటర్లు కళ్ళు మూసి తెరిచేలోగా చుట్టొచ్చే మనిషి, నాలుగు గజాల దూరంలో ఉన్న వేదిక కింద ఉండిపోయారు. అవార్డు ఆవిడ దగ్గరికే నడిచొచ్చింది.

దీనికి అందరూ నిర్వాహకులను ఆడిపోసుకున్నారు. నేను ఒప్పుకోను. రెండు చెక్కపలకలు వేసి ఉంటే ఏమయ్యేది? ఆవిడ ఎక్కేవారు, తీసుకునేవారు, దిగేవారు. అందులో వార్తేముంది? మన కళ్ళు ఎక్కడ చెమ్మగిల్లాలి? మనకు కావలసింది అడ్డంకులను జయించిన కథ. అడ్డంకులు మనమే కట్టకపోతే కథలెక్కడినుంచి వస్తాయి? స్ఫూర్తి ఊరికే రాదండీ, సిమెంటు ఖర్చవుతుంది. ఈ విషయంలో మనవాళ్ళు ఇంకో అడుగు ముందున్నారు. మా వీధిలో ఒక ఆఫీసుకు చక్కటి ర్యాంపు కట్టారు. దాని మీద నాలుగు బైకులు, ఒక పూలకుండీ, ‘ఇచ్చట పార్క్ చేయరాదు’ అన్న బోర్డు ఉంటాయి.

టానీ గారు కూడా మొండిఘటమే. 2007లో రేసులు మానేసి, 2010లో బ్రిటన్ పార్లమెంటు ఎగువసభ అయిన ప్రభువుల సభలో సభ్యురాలయ్యారు. చట్టాలు చేసే చోటే కూర్చుంటే మెట్టు సంగతి తేలిపోతుందనుకుని ఉంటారు. మెట్టు అలాంటి చట్టాలు చాలా చూసింది. వికలాంగుల పట్ల వివక్ష చూపరాదన్న చట్టం అక్కడ 1995లోనే వచ్చింది. రైళ్ళలో మెట్ల బాధ తప్పించడానికి 2020 జనవరి 1 దాకా గడువు ఇచ్చారు. గడువు తన దారిన తాను వచ్చి వెళ్ళిపోయింది.

2024 ఆగస్టు 26 రాత్రి ఆఖరి పోటీ జరిగింది. వేదిక లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్. పారిస్ పారాలింపిక్స్‌కు బయల్దేరిన టానీ గారు లీడ్స్ నుంచి వచ్చారు. ముందు అనుకున్న రైలు కాక తరవాతి రైలెక్కారు, అదొక్కటే ఆవిడ చేసిన నేరం. ఎక్కించేటప్పుడు సిబ్బంది ఉన్నారు. దింపేటప్పుడు ఎవరూ లేరు. అందరూ దిగిపోయారు. దాదాపు పావుగంట చూశారు. చివరికి సామాన్లు ప్లాట్‌ఫాం మీదికి చేర్చి, నేల మీదికి జారి, పాక్కుంటూ దిగారు. పదకొండు స్వర్ణాల మనిషి, యాభై అయిదేళ్ళ వయసులో, ప్రభువుల సభ సభ్యురాలి హోదాలో. రైల్వే కంపెనీ క్షమాపణ చెప్పింది. మెట్టు చెప్పలేదు, ఒక్క మెట్టు కూడా దిగలేదు.

ఇంతటి అజేయ క్రీడాకారుడికి ఇప్పటిదాకా ఒక శాలువా కూడా కప్పలేదంటే సిగ్గుచేటు. అందుకే మేం నలుగురం కలిసి మెట్టుకు సన్మానసభ పెడుతున్నాం. ముఖ్య అతిథిగా టానీ గారినే పిలవాలని తీర్మానించాం. హాలు రెండో అంతస్తులో ఉంది. కంగారు పడొద్దు, లిఫ్టుంది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంటుంది. అతను ఊరెళ్ళాడు.